రబ్బరు సప్లయర్ నుంచి కబురొస్తే ఏం చూసుకోవాలి

పంపులోనో, మిక్సీలోనో, స్ప్రేయర్‌లోనో వేసే రబ్బరు పార్టులు మీరు బయట చేయించుకుంటున్నారనుకోండి. ఏడాదికి రెండు మూడు సార్లు సప్లయర్ నుంచి ఒక లెటరో, వాట్సాప్ మెసేజో వస్తుంది. "ముడిసరుకు ధరలు పెరిగాయి, వచ్చే నెల నుంచి 8 శాతం పెంచుతున్నాం" అని ఒకసారి. "కొత్త ఇంజెక్షన్ మెషీన్ తెచ్చాం, ఇక డెలివరీకి ఢోకా లేదు" అని ఇంకోసారి. "మీ కాంపౌండ్ ఇంకా ఇంప్రూవ్ చేశాం" అని మరోసారి. (కాంపౌండ్ అంటే ముడి రబ్బరులో కలపాల్సినవన్నీ కలిపిన ముద్ద.) మొదటిది చదవగానే టెన్షన్ పడి ఫోన్ అందుకుంటాం. మిగతా రెండిటికీ బొటనవేలు బొమ్మ పెట్టేసి మన పనిలో పడతాం. చెన్నై అంబత్తూరులో, రైతులు వీపుకి తగిలించుకునే స్ప్రేయర్లు తయారుచేస్తూ నేను నేర్చుకున్నది దీనికి తలకిందులు. రేటు పెరిగిందన్న కబురు మన జేబు దగ్గరే ఆగిపోతుంది. మంచి కబురు మాత్రం సరుకుతో పాటు రైతు దాకా పోతుంది.

నాకు అది ఎలా తెలిసిందంటే, నాలుగేళ్ల కిందట మా వాషర్ల సప్లయర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. కాంపౌండ్ ఇంప్రూవ్ చేశాం, రేటు అదే, అని. రేటు అదే అన్న ముక్క ఒక్కటే నా కంటికి ఆనింది. వచ్చిన వాషర్లు నల్లగా, నున్నగా, పాతవాటికన్నా అందంగానే ఉన్నాయి. హార్డ్‌నెస్, అంటే గట్టితనం, కొలిచి చూస్తే 70. డ్రాయింగ్‌లో ఉన్నదీ 70. స్టోర్‌లోకి తీసేసుకున్నాం. మూడు నెలలకి నరసరావుపేట డీలర్ ఫోన్. "ఏమండీ, మీ పంపు చెయ్యి బిగుసుకుపోతోందట. రైతులు తెచ్చి కౌంటర్ మీద పడేసి పోతున్నారు." నాలుగు పంపులు తెప్పించి విప్పాం. సిలిండర్‌లోంచి వాషర్ ఊడి రాదు. స్క్రూడ్రైవర్ పెట్టి పెరికితే వచ్చింది, రాత్రంతా నానేసిన శనగగింజలా ఉబ్బిపోయి. 38 మిల్లీమీటర్లు ఉండాల్సింది 40 దాటింది.

సప్లయర్ దగ్గరికి వెళ్లి బల్ల మీద పెట్టాను. ఆయనేం దాచలేదు. "నైట్రైలే సార్, అందులో తేడా లేదు. పాత గ్రేడు దొరక్కపోతే ఇంకో గ్రేడు వేశాం. మీ డ్రాయింగ్‌లో ఏముందో మీరే చూడండి" అన్నాడు. చూశాను. "ఎన్‌బీఆర్, 70 షోర్ ఏ" అని ఉంది, అంతే. ఎన్‌బీఆర్ అంటే నైట్రైల్ రబ్బరు, షోర్ ఏ అంటే గట్టితనం కొలిచే స్కేలు. నేను రాసిందంతా ఆయన ఇచ్చాడు. రాయాల్సింది నేనే రాయలేదు.

నైట్రైల్ అంటే ఒకే రబ్బరు కాదు. అందులో ఆక్రిలోనైట్రైల్ అనే ముక్క ఎంత శాతం ఉందన్నదాన్ని బట్టి గుణం మారుతుంది. సుమారు 18 నుంచి 50 శాతం దాకా గ్రేడులుంటాయి. శాతం ఎక్కువైతే ఆయిల్‌కీ, ద్రావకాలకీ బాగా తట్టుకుంటుంది కానీ చలికి బిర్రబిగుస్తుంది. శాతం తగ్గితే చలిలో మెత్తగా ఉంటుంది కానీ నూనెల్లో ఉబ్బుతుంది. మాకు "ఇంప్రూవ్ చేశాం" అని వచ్చింది ఈ రెండో రకం. గుంటూరు ఎండల్లో పనిచేసే పంపుకి చలి సంగతి ఎందుకు? చాలా పురుగుమందుల్లో జైలీన్ లాంటి ద్రావకం ఉంటుంది, మా వాషర్‌కి తగిలేది అదే.

అందుకని కబురు ఏదైనా సరే, ముందు చేయాల్సింది దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టడం. రబ్బరు మారిందా? డై, అంటే పార్టు ఆకారం ఇచ్చే అచ్చు, మారిందా? ఆ డైని ఎక్కించే ప్రెస్సో, చోటో మారిందా? మూడిటికీ జవాబు రాతలో తీసుకోండి. ఫోన్‌లో "ఏం మార్చలేదు సార్" అన్న మాట ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఆ మాట అనేవాడి మనసులో మార్పు అంటే వేరు, మీ మనసులో వేరు. మిక్సింగ్ మిల్లు దగ్గర కార్బన్ బ్లాక్ అనే నల్లపొడి బ్రాండు మార్చడం వాళ్లకి మార్పే కాదు. రబ్బరు పనిలో చిక్కంతా ఇదే. ఇనుప ముక్కయితే గ్రేడు మారితే డ్రిల్లు బిట్టే చెబుతుంది. రబ్బరు మాత్రం ఏం కలిపినా నల్లగానే వస్తుంది.

జవాబు "రబ్బరు మారింది" అని వచ్చినా, అసలు సరైన జవాబే రాకపోయినా, కొత్త సరుకులోంచి ఓ పాతిక ముక్కలు తీసి పక్కన పెట్టండి. వాటితో పోల్చడానికి పాతవి కావాలి. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు, పాతవి ఎప్పుడో వాడేసి ఉంటారు. ఈ రోజే, ఏ కబురూ రాకముందే, ఇప్పుడు బాగా పనిచేస్తున్న బ్యాచ్ నుంచి 20 ముక్కలు జిప్ కవర్‌లో వేసి, తేదీ, బ్యాచ్ నంబరు రాసి బీరువాలో దాచండి. మేకుకి తగిలించొద్దు, రబ్బరు సాగి అలాగే ఉండిపోతుంది. మోటార్లు, వెల్డింగ్ సెట్లు తిరిగే చోట పెట్టొద్దు, వాటి దగ్గర పుట్టే ఓజోన్ నైట్రైల్‌నీ, నేచురల్ రబ్బరునీ పగలగొడుతుంది. ఎండ కూడా తగలకూడదు. స్టోరేజ్ గురించి ఐఎస్ఓ 2230 అనే ప్రమాణం ఉంది. అందులో నేచురల్ రబ్బరుకి 5 ఏళ్లు, నైట్రైల్‌కి 7 ఏళ్లు, ఈపీడీఎం, సిలికోన్ అనే రబ్బర్లకి 10 ఏళ్లు మొదటి గడువుగా పెట్టారు. అదీ చల్లగా, 25 డిగ్రీల లోపు ఉంచితే. చెన్నై మే నెలలో రేకుల షెడ్డు కింద ఉంచితే అన్నేళ్లు ఆశపడొద్దు.

ఇప్పుడు పరీక్షలు. ల్యాబ్‌కి పరిగెత్తక్కర్లేదు, నాలుగింట్లో మూడు మీ టేబుల్ మీదే అయిపోతాయి.

హార్డ్‌నెస్ గురించి ఎక్కువ చెప్పను. చేతిలో పట్టుకునే షోర్ ఏ మీటరు చౌకగానే దొరుకుతుంది. ముక్క మందం కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి, లేకపోతే రెండు మూడు ఒకదానిమీద ఒకటి పేర్చి చూడాలి. నొక్కగానే చదవాలి, ఆగితే ముల్లు జారుతుంది. 70 అని రాస్తే 65 నుంచి 75 దాకా ఒప్పుకోవడం మామూలు. మా అనుభవం చూశారుగా, హార్డ్‌నెస్ సరిపోయినంత మాత్రాన రబ్బరు అదేనని కాదు.

రెండోది సాంద్రత. దీన్ని చాలామంది పట్టించుకోరు కానీ, తక్కువ ఖర్చులో ఎక్కువ నిజం చెప్పే పరీక్ష ఇదే. నగల కొట్లో వాడే లాంటి చిన్న ఎలక్ట్రానిక్ కాటా కావాలి, రెండో దశాంశం చూపేది. ముందు వాషర్‌ని మామూలుగా తూచండి. 6.20 గ్రాములు అనుకుందాం. తరువాత ఒక గ్లాసు నీళ్లు కాటా మీద పెట్టి సున్నా చేయండి. వాషర్‌ని సన్నని దారానికి కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకీ, అంచుకీ తగలకూడదు, ఒంటికి గాలి బుడగలు అంటుకుని ఉండకూడదు. కాటా 5.00 చూపిందనుకోండి, అదే వాషర్ తోసిన నీటి బరువు. 6.20ని 5.00తో భాగిస్తే 1.24. పాత ముక్కకీ, కొత్త ముక్కకీ ఇలా చేసి చూడండి. పాతది 1.24, కొత్తది 1.38 వచ్చిందంటే లోపల చవక పొడి (ఫిల్లర్) ఏదో పెరిగింది. సుద్ద, చైనా క్లే లాంటివి రబ్బరు కన్నా చాలా బరువు, రేటు కూడా తక్కువ. ఫ్లోరిన్ ఉండే ఫ్లోరో రబ్బరు పేరుతో అమ్మేదానికి కూడా ఇది బాగా పనికొస్తుంది. దాని సాంద్రత 1.8 దాటి ఉంటుంది. చేతిలో పెట్టుకుంటేనే బరువు తెలుస్తుంది. 1.3 వచ్చిందంటే ఇంకేదో ఇచ్చారన్నమాట.

కొందరు అగ్గిపుల్లతో కాల్చి చూస్తారు. సిలికోన్ తెల్ల బూడిద అవుతుంది, నియోప్రీన్ మంట తీయగానే ఆరిపోతుంది, అవన్నీ నిజమే. కానీ ఫ్లోరో రబ్బరుని ఎప్పుడూ కాల్చొద్దు. దాని పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. ఏదో తెలియని ముక్కని కాల్చి చూడటమంటే, అది ఇదే అయ్యే అవకాశం కూడా ఉందని కదా. మా ఫ్యాక్టరీలో ఆ పద్ధతి మాన్పించేశాను.

మూడోది నానబెట్టడం, నేను ఎక్కువగా నమ్మేది ఇదే. ఏఎస్‌టీఎం డీ471 అనే ప్రమాణం చెప్పేది ఇదే పని, మనం దాన్ని కొంచెం మొరటుగా చేస్తాం అంతే. మీ పార్టుకి నిజంగా తగిలే ద్రవం తీసుకోండి. మోటారు ఆయిల్ అయితే ఆయిల్, బ్రేక్ ఆయిల్ అయితే అదే, నీళ్లయితే నీళ్లే. పాత ముక్కలు మూడు, కొత్త ముక్కలు మూడు, విడివిడి గాజు సీసాల్లో వేయండి. వేసే ముందు తూచి, కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. 70 గంటలు ఆగండి. తీసి, గుడ్డతో తుడిచి, వెంటనే మళ్లీ తూచి, కొలవండి. బరువు ఎంత శాతం పెరిగిందో పక్కపక్కన రాస్తే చాలు, వాదన అక్కర్లేదు. మేము ఆ పని ఆలస్యంగా చేశాం. పాత వాషర్ కొంచెమే పెరిగింది, కొత్తది మూడో రోజుకే సీసా మూతి లోంచి బయటికి రానంది.

దీని గురించి మా ఫ్యాక్టరీలో జరిగింది ఒకటి చెప్పాలి. మొదటిసారి ఆ సీసాలు ఆఫీసు గదిలో పెడితే, కాఫీ ఇచ్చే కుర్రాడు ఊరగాయ అనుకుని ఒకటి తీసి వంటగది అరలో సర్దేశాడు. అదృష్టం బాగుండి మూత ఎవరూ తీయలేదు. పురుగుమందుతో చేసేవాళ్లయితే చేతికి గ్లవ్స్, ముక్కుకి మాస్కు, గాలి ఆడే చోటు, సీసా మీద ఎర్ర అక్షరాలు, తాళం వేసే అర. ఇందులో ఒక్కటీ తగ్గించొద్దు.

రబ్బరు రకం తప్పు ఎంచుకున్నవాళ్లు కూడా ఇక్కడే దొరికిపోతారు. ఈపీడీఎం ఎండకీ, ఆవిరికీ, బ్రేక్ ఆయిల్‌కీ చక్కగా నిలుస్తుంది, పెట్రోలు తగిలితే మాత్రం ఉబ్బుతుంది. నైట్రైల్ దానికి సరిగ్గా ఎదురు, పెట్రోలుకి నిలుస్తుంది, ఎండకి బీటలు వారుతుంది. రెండూ నలుపే, రెండూ 70 హార్డ్‌నెస్‌లో దొరుకుతాయి.

నాలుగోది కంప్రెషన్ సెట్. నొక్కి పట్టి వేడి చేశాక ముక్క ఎంత వెనక్కి లేస్తుందో చూడటం. ఓ-రింగులు, గ్యాస్కెట్లు చేయించేవాళ్లకి ఇది ప్రాణం, గ్రోమెట్లకీ, హ్యాండిల్ గ్రిప్పులకీ అంత అవసరం లేదు. 12.5 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్లని రెండు ఉక్కు పలకల మధ్య 9.5కి నొక్కి బోల్టు బిగించి, ఓవెన్‌లో 70 లేదా 100 డిగ్రీల దగ్గర 22 గంటలు ఉంచుతారు. తీసి అరగంట చల్లార్చి కొలిస్తే 11.9 వచ్చిందనుకోండి. 3 మిల్లీమీటర్లు నొక్కితే 0.6 వెనక్కి రాలేదు, అంటే 20 శాతం. ఈ సంఖ్య బాగా పెరిగిందంటే రబ్బరు సరిగ్గా ఉడకలేదనే అనుమానం ముందు రావాలి. ప్రెస్సులో నాలుగు నిమిషాలు ఉండాల్సింది మూడు నిమిషాలకే తీస్తే రోజుకి ఎన్ని షాట్లు ఎక్కువ పడతాయో లెక్క వేసుకోండి, ఆ ఆశ ఎక్కడ్నుంచి పుడుతుందో తెలుస్తుంది. ఓవెన్ లేనివాళ్లు ఈ ఒక్కటీ బయట చేయించుకోవచ్చు.

బయట అంటే చెన్నై వాళ్లకి దూరం కాదు. గుమ్మిడిపూండి దాటి, తడ దగ్గర శ్రీసిటీలో రబ్బరు పరిశోధన సంస్థ ఐఆర్ఎంఆర్ఐ (ఇదివరకటి పేరు ఐఆర్ఎంఆర్ఏ) శాఖ ఉంది. వాళ్ల ప్రధాన కేంద్రం మహారాష్ట్రలోని ఠాణేలో. సప్లయర్‌తో మాట తెగక రబ్బరు ఎంత, కార్బన్ ఎంత, బూడిద ఎంత అని విడదీసి చూడాల్సి వస్తే టీజీఏ అనే పరీక్ష అడగండి. పాత ముక్క, కొత్త ముక్క రెండూ ఇవ్వాలి. ఒక్కదాని రిపోర్టుతో ఏమీ తేలదు.

ఇక డై కబురు. "కొత్త మెషీన్ తెచ్చాం" అన్నది ఇందులోకే వస్తుంది. కంప్రెషన్ ప్రెస్సు (రబ్బరుని డైలో పెట్టి నొక్కేది) నుంచి ఇంజెక్షన్‌కి (రబ్బరుని డైలోకి ఎక్కించేది) పోతే మామూలుగా డై కూడా కొత్తది చేయాలి. అలాంటప్పుడు పాత శాంపిల్ అప్రూవల్ చెల్లదు, మళ్లీ మొదటి నుంచి, డైలోని ప్రతి కేవిటీ (గుంట) నుంచి ఒక్కో ముక్క తీసి కొలవాలి. డై అదే ఉండి కాంపౌండ్ మారినా సైజు మారుతుందని చాలామందికి తెలియదు. వేడి డైలోంచి బయటికొచ్చి చల్లారాక రబ్బరు కుంచించుకుంటుంది, మామూలు రబ్బర్లు 1.5 నుంచి 2 శాతం అటూ ఇటూ, సిలికోన్ ఇంకా ఎక్కువ. ఆ లెక్క వేసే డై కోస్తారు. 1.6 శాతం కుంచించుకునే రబ్బరు స్థానంలో 2.4 శాతంది వేస్తే, 40 మిల్లీమీటర్ల పార్టు 0.3 చిన్నదవుతుంది. సీలు కారడానికి అది చాలు. టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) మీద గొడవ రాకుండా డ్రాయింగ్‌లో ఐఎస్ఓ 3302-1 అనే ప్రమాణం పేరు, అందులోని తరగతి ఎం2 అనో ఎం3 అనో రాసేయండి. ఇనుప పార్టులకి రాసే టాలరెన్స్ రబ్బరుకి రాస్తే సప్లయర్ తల ఊపుతాడు, కానీ ఆ కొలత ఎవరూ పాటించలేరు.

"షెడ్డు మారుస్తున్నాం" అని కబురొస్తే మీరే ఒకసారి వెళ్లి రండి. డైకి డబ్బు కట్టింది మీరైతే, దాని మీద మీ పేరు, నంబరు చెక్కి ఉందా, ఫొటో తీసుకున్నారా, అది మీ సొత్తని ఒక కాగితం ఉందా, ఇవి చూడండి. ఇంకోటి, డై నేల మీద ఉందా, ర్యాక్ మీద ఉందా? నవ్వొద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి అంబత్తూరు ఎస్టేట్‌లో నీళ్లు నిలిచినప్పుడు, కింద వరసలో ఉన్న డైలు తుప్పు పట్టి పాలిష్ పోయిన ఫ్యాక్టరీలు నాకు తెలుసు. మారేలోపు రెండు నెలల స్టాకు చేయించుకోండి. ఆరు నెలలది వద్దు, డబ్బు ఇరుక్కుంటుంది.

రేటు కబురు చివరికి వచ్చింది. లెటర్‌లో "రబ్బరు ధర పెరిగింది" అని ఉంటే ఏ రబ్బరు అని అడగండి. నేచురల్ రబ్బరు అయితే కొట్టాయంలో ఉన్న రబ్బర్ బోర్డు రోజూ ధర ప్రకటిస్తుంది, మీరే చూసుకోవచ్చు. కేరళలో రబ్బరు చెట్లు ఆకు రాల్చాక ఫిబ్రవరి, మార్చి నెలల్లో పాలు తగ్గుతాయి, గట్టి వానల్లో పాలు తీయడానికి చెట్టుకి గీతలు గీయలేరు, ఆ రోజుల్లో ధర కదలడం మామూలే. కానీ మీది నైట్రైల్ అయితే కొట్టాయం ధరతో దానికి నేరుగా సంబంధం లేదు, అది క్రూడాయిల్ వంశం. తరువాత శాతం లెక్క. 10 రూపాయల పార్టులో కాంపౌండ్ 4 రూపాయలు, ఆ నాలుగులో ముడి రబ్బరు రెండున్నర అనుకుందాం. మిగతాది కరెంటు, కూలి, ట్రిమ్మింగ్ (అంచుల్లో మిగిలిన రబ్బరు కోసేయడం), రిజెక్షన్. ముడి రబ్బరు 20 శాతం పెరిగితే పార్టు మీద పడేది 50 పైసలు, అంటే 5 శాతం. 8 అడిగితే మిగతా 3 దేనికో చెప్పమనండి. కూలి పెరిగిందంటే ఒప్పుకోవాల్సిందే, ఈ మధ్య ట్రిమ్మింగ్‌కి మనుషులు దొరకడం అంత తేలిక కాదు.

అంతకుమించి గీసి బేరమాడొద్దని నా సలహా. మరీ నొక్కితే ఆ మూడు శాతం సుద్ద రూపంలో మీ వాషర్‌లోకే వస్తుంది. దానికి బదులు డబ్బు టైముకి ఇస్తానని చెప్పండి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం చిన్న యూనిట్లకి 45 రోజుల లోపు ఎలాగూ కట్టాలి. 90 రోజులు తిప్పించుకోవడానికి అలవాటు పడ్డ సప్లయర్‌కి 30 రోజుల చెక్కు అంటే ఆ మూడు శాతం కన్నా తీపి.

"ఐఎస్ఓ 9001 వచ్చింది" అన్న కబురుకి అభినందనలు చెప్పి వదిలేయొచ్చు. అది వాళ్ల పని పద్ధతికి వచ్చిన సర్టిఫికెట్, మీ వాషర్‌కి వచ్చింది కాదు.

పరీక్షలు అయ్యాక సప్లయర్‌కి జవాబు రాయండి. నేను ఇప్పుడు పంపేది దాదాపు ఇలా ఉంటుంది: "మీ మెసేజ్ అందింది. ఈ పార్టుకి ఎన్‌బీఆర్, ఆక్రిలోనైట్రైల్ 33 శాతం గ్రేడు, 70 ప్లస్ ఆర్ మైనస్ 5 షోర్ ఏ, సాంద్రత 1.24 ప్లస్ ఆర్ మైనస్ 0.02. పాలిమర్ గ్రేడు, ఫిల్లర్, డై, ప్రెస్సు, చోటు, వీటిలో ఏది మారినా సరుకు పంపే ముందు రాతలో చెప్పి, 25 శాంపిల్స్ పంపాలి. మేము ఓకే అనేదాకా పాత కాంపౌండ్‌తోనే సప్లై చేయాలి. ప్రతి బ్యాచ్‌తో హార్డ్‌నెస్, సాంద్రత, రియోమీటర్ గ్రాఫ్ జత చేయాలి." రియోమీటర్ గ్రాఫ్ అంటే ఆ బ్యాచ్ రబ్బరు ఎంతసేపట్లో ఉడుకుతుందో చూపే గీత. మంచి సప్లయర్ దగ్గర అది ఎలాగూ ఉంటుంది, అడిగేవాళ్లు లేక ఫైలులో పడి ఉంటుంది.

ఈ లెటర్ పంపిన రోజు సాయంత్రం మా సప్లయర్ ఫోన్ చేశాడు. "ఏం సార్, ఇన్ని రాస్తే రేటు పెంచాలి మరి" అన్నాడు. ఎంత అని అడిగాను. వాషర్‌కి 15 పైసలు. సరేనన్నాను. ఇప్పుడు బ్యాచ్ వచ్చిన రోజే స్టోర్ కుర్రాడు గ్లాసు నీళ్లు, దారం, కాటా తీసుకుని కూర్చుంటాడు. కొత్త బ్యాచ్ సంచికి పచ్చ చీటీ అంటించేదాకా పాత సంచి పక్కన పెట్టడు, రెండూ కలపడు.